చెంబెడు నీళ్లు

ఎర్రిస్వామి కారు మా రిపేరు షెడ్డుకు రెండోసారి వచ్చినప్పుడు దాని మూతి ఎద్దుల బండి మీద ఉంది. వెనక చక్రాలు మాత్రమే నేల మీద దొర్లుతున్నాయి. లారీకి కట్టి లాగితే కుదుపులకు ఇంకా పాడవుతుందని వాళ్ల నాయన నరసింహులు ఒప్పుకోలేదట. పెనుకొండ పక్కన వాళ్ల ఊరి నుంచి హిందూపురం దాకా ఆ పెద్దాయన బండి పక్కనే నడిచొచ్చాడు. అంత భూమి ఉన్న మనిషి, మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుని మా వాకిట్లో నిలబడితే నాకు కూర్చోమని చెప్పడానికి కూడా నోరు రాలేదు.

అది యాభై తొమ్మిదో సంవత్సరం, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఆ కారు బెంగుళూరులో ఎవరో దొర దేశం వదిలి పోతూ అమ్మేసింది. ఇద్దరికే చోటు. నెత్తిన కప్పు లేదు. పొడుగు మూతి, ఎర్రటి రంగు. పందేలకు చేసిన కారంటారు. పొట్ట నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే కోడిపిల్ల దూరడానికి కూడా ఆలోచించాలి. మన గుంతల రోడ్లకు ఇది తగదని ఎంతమంది చెప్పినా ఎర్రిస్వామి విన్నాడా? వినలేదు. పెళ్లి కుదిరింది, ధర్మవరం పోయి పట్టుచీరలు తానే తెస్తానని బయలుదేరాడు. తిరిగొచ్చేటప్పుడు ఊరి పొలిమేరలోనే కారు రాయికి కొట్టుకుని పిల్లవాడు ఎగిరి అవతల పడ్డాడు. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. చీరల మూట మాత్రం సీటులో ఎట్లా పెట్టింది అట్లాగే ఉందట.

"హనుమంతూ, మావాడు తెచ్చిన దినం ఎట్లుండిందో అట్ల చెయ్యప్పా" అన్నాడు నరసింహులు. హనుమంతు మా ఇంటాయన. "నేను దీన్ని అమ్మేది లేదు, తోలేది లేదు. వాకిట్లో నిలబెట్టుకుంటా. ఆ ఓబన్నకు శిక్ష పడే దినానికి ఇది మా ఇంటి ముందర ఉండాల."

ఓబన్న ఎవరో అప్పటికి అందరికీ తెలుసు. గొర్రెలు కాసుకునే మనిషి. రోడ్డు పక్కనే చారెడు ఉలవ చేను ఉంది. గొర్రెల దోవ గురించి నరసింహులుతో అతనికి పాత తగవు. ప్రమాదం జరిగినప్పుడు కారు పొట్ట కింద ఇరుక్కుని, రోడ్డు అంచున కనబడింది ఓబన్న చేని గట్టు రాయి. కడుపుమంటతో రాయిని రోడ్డు మీదికి దొర్లించాడని నరసింహులు మనుషులు చెప్పారు. పోలీసులు పైపైన చూసి రాసుకున్నారు. అంత కిందికున్న కారు అడుగున ఎవరు దూరి చూస్తారు? ఓబన్న పెనుకొండ సబ్‌జైల్లో ఉన్నాడు.

"అట్లేన్నా" అన్నాడు మా ఇంటాయన. నరసింహులు ఆ కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి, వచ్చిన బండిలోనే వెళ్లిపోయాడు.

పైన చూస్తే కారుకు గీత లేదు. దెబ్బంతా అడుగున ఉంది. మాకు కారు కింద దిగి పని చేసే గుంత లేదు. మర్నాడు పెట్రోలు, నూనె తీసేసి, పక్క లారీ షెడ్డు వాళ్లను పిలిచి, వేరుశనగ పొట్టు నింపిన గోనె సంచులు పరిచి, లాడాలు కొట్టడానికి ఎద్దును పడుకోబెట్టినట్టు కారును మెల్లగా ఒక పక్కకు వాల్చి పడుకోబెట్టారు. ఇంజను కింద నూనె ఉండే చాంబర్ పగిలిపోయింది. కాళ్లు పెట్టే చోటి రేకు ముడుచుకుపోయింది. సైలెన్సర్ గొట్టం నలిగి చపాతీ అయింది. మా ఇంటాయన సుత్తి పట్టుకుని కూర్చున్నాడు.

కానీ సుత్తి చప్పుడే లేదు. నేను మజ్జిగ తీసుకుని పోతే అట్లాగే కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగలేదా?"

"నీలా, ఇట్ల రా. ఇదేందో చెప్పు."

నలిగిన రేకు మడతను కొద్దిగా విప్పి చూపించాడు. లోపల ఎండు తీగలు కుక్కి ఉన్నాయి. ఆమడగూరు మెట్టల్లో పుట్టినదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"ఉలవ తీగ గదా."

"తీగ లోపల ఉండాది. దాని మింద రేకు నలిగింది. అంటే ముందు కారు చేన్లోకి పోయింది. రాయికి తగిలింది ఆ తర్వాత. గీతలు చూడు, ముందు నుంచి ఎనక్కి లేవు, అడ్డంగా ఉండాయి. రాయి గట్టు మిందే ఉండింది. కారే దాన్ని పెరుక్కొని రోడ్డు దాకా ఈడ్చుకొచ్చింది."

నాకు గుండె తేలికైంది. "అయితే ఓబన్న తప్పేం లేదు! పోయి చెప్పేయ్ నరసింహులన్నకు. ఈ పొద్దే పో."

"మరి మంచి రోడ్డు ఇడిసిపెట్టి కారు చేన్లోకి ఎందుకు పోయిందని అడగవేం?" అన్నాడాయన. పక్కనున్న గోనె గుడ్డ తీశాడు. దాని కింద ఒక కడ్డీ రెండు ముక్కలై ఉంది. ముందు చక్రాలు రెండింటినీ కలిపి తిప్పే కడ్డీ అది, టైరాడ్ అంటారు. అది తెగితే చేతిలో చక్రం ఎంత తిప్పినా కారు మాట వినదు. రాయి తగిలి ఉంటే వంగేది. ఇది వంగలేదు, బెల్లం ముక్కలా పుటుక్కున విరిగింది.

చూడగానే అర్థమైంది.

మొదటిసారి, కార్తీకంలో, ఎర్రిస్వామి ఇదే కడ్డీ వంగిందని వచ్చాడు. వంక దాటుతుంటే రాయి తగిలింది. మా ఇంటాయన కడ్డీ ఊడదీసి కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాపు చేశాడు. ఇలాంటి కడ్డీని కాల్చాక బూడిదలో పూడ్చిపెట్టి దానంతటదే చల్లారనివ్వాలి, నీళ్లు తగిలితే పెళుసెక్కి విరుగుతుంది. లారీ పనిలో ఆయన నేర్చుకున్నది అది. అయితే కొలిమి మా మామ చంద్రప్పది. ఆయన కరువులో భూమి వదిలేసి, కొడుకును చంకనేసుకుని ఈ ఊరొచ్చి, ఒక కమ్మరి దగ్గర కూలికి చేరి, బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే పని పట్టిన మనిషి. హిందూపురం చుట్టుపక్కల ఆయన ఎక్కించిన పట్టా ఊడిన చక్రం లేదు. ఎర్రగా కాలిన పట్టాను చెక్క చక్రం మీద దించి నీళ్లు పోస్తే అది ముడుచుకుని చెక్కను పట్టేస్తుంది. ఆ నీళ్లు ఎప్పుడూ ఆయనే పోస్తాడు. చెంబు కళ్లకద్దుకుని, "గంగమ్మ తల్లీ" అని పోస్తాడు. కంటికి పొర వచ్చి చూపు మసకయ్యాక సమ్మెట వదిలేశాడు గానీ చెంబు మాత్రం వదల్లేదు.

ఆ రోజు కూడా అంతే. సమ్మెట ఆగింది. మామ చెంబు పట్టుకుని లేచాడు. మా ఇంటాయన "నాయనా" అని చెయ్యెత్తేలోపు చుయ్యిమని పొగ లేచింది. ఎర్రిస్వామి పక్కనే ఉన్నాడు. "తాత చెయ్యి పడింది, ఇంక దీనికి తిరుగు లేదు" అని నవ్వాడు. మామ మొహం వెలిగిపోయింది. ఆ మొహం ముందర, నాయనా నువ్వు చేసింది తప్పు అని ఎట్లా అంటాడు ఈయన? ఎత్తిన చెయ్యి దించేశాడు.

"మళ్లీ కాల్చి బూడిదలో పెట్టింటే సరిపోయేది నీలా" అన్నాడిప్పుడు. "నాయన పక్కకు పోయినాక చేసేద్దామనుకుంటి. పిల్లోడు నిలబడనియ్యలేదు, పోవాల పోవాల అన్నాడు. ఏమీ కాదులే అని బిగించేస్తిని."

"ఇప్పుడేం చేస్తావు?"

"అదే తెల్దు. నా పేరు చెప్పమంటే చెప్తా. జైలుకు పొమ్మంటే పోతా. నాయనకు ఎట్ల చెప్పేది? నీ చేతి నీళ్లే ఆ పిల్లోణ్ణి చంపినాయని ఏ నోటితో చెప్పేది?"

నాకు ఒళ్లు మండింది. చంకలో పిల్ల. షెడ్డు పోతే తినేదేంటి? ఈయన జైలుకు పోతే మామకూ నాకూ దిక్కెవరు? అట్లాగని ఆ గొర్రెల మనిషిని జైల్లో పెట్టి మనం అన్నం తినడమా? ఏమీ తోచక ఆయన మీదే కేకలేశాను. ఆయన కడ్డీ ముక్కల మీద గోనె గుడ్డ కప్పేశాడు. చాంబర్‌కు అతుకు వేశాడు, గొట్టం సాపు చేశాడు. ఆ ముడుచుకున్న రేకు జోలికి మాత్రం పోలేదు. రేకు సాపు చేస్తే తీగ రాలిపోతుంది. తీగ రాలిపోతే ఓబన్న మాట ఇంక ఎవరూ నమ్మరు.

అట్లా దినాలు గడుస్తుంటే ఒక ఉదయం ఒకామె వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. నెత్తిన గంప, గంపలో ఖాళీ ముంత. పడుకోబెట్టిన కారును చూసి ఆగిపోయింది.

"ఇదేనా ఆ కారు?"

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

"తిప్పమ్మను. ఓబన్న పెండ్లాన్ని." గంప దించి కారు ఎదురుగా దుమ్ములోనే కూర్చుంది. "సంతకొచ్చినా. నెయ్యి అమ్ముకొని పోతా పోతా దీన్ని ఒకసారి చూద్దామని వస్తి. అమ్మా, ఆ రాయి మా మామ పాతిన గట్టు రాయి. ఇన్నేండ్లూ ఆడే ఉండాది. దానికేమన్నా కాళ్లుండాయా, లేచొచ్చి రోడ్డు మింద పండుకోనీకి? మా ఇంటాయన దొర్లించినాడంటారు. ఆయనకు నడుం నొప్పి, గొర్రెపిల్లనెత్తాలన్నా నన్నే పిలుస్తాడు. ఎవరికి చెప్పినా ఇనరు."

నేను మా ఇంటాయన వైపు చూశాను. ఆయన కారు చాటుకు పోయాడు.

"నరసింహులప్పను కూడా ఏమీ అనలేనమ్మా" అంది తిప్పమ్మ. "కడుపుకోత. ఆ పిల్లోడు మా చేను పక్కన పోతా ఎప్పుడూ హారను కొట్టేవాడు, గొర్రెలు బెదుర్తాయని మా ఆయన తిట్టేవాడు. పడిన దినం మొదట పరిగెత్తింది మా ఆయనే. ఒళ్లో పెట్టుకొని నీళ్లు తాపిచ్చినాడు."

ఆమె ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, గంపెత్తుకుని పోయింది. ఏడ్చింది నేను.

మామ షెడ్డు మూల నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు మందగించిందే గానీ చెవులు పాము చెవులు.

"హనుమంతూ."

"ఆఁ నాయనా."

"కారొచ్చినప్పట్నుంచి నువ్వు సరిగ్గా సమ్మెట పట్టలేదు. ఆ అడ్డ కడ్డీ యాడుండాది?"

"ఆడ ఉండాది. దాంతో నీకేం పని?"

"తెచ్చి నా చేతిలో పెట్టు."

మా ఇంటాయన కదల్లేదు. నేనే తెచ్చాను. గుడ్డతో సహా మామ ఒళ్లో పెట్టాను. ఆయన రెండు ముక్కలూ తీసుకుని, విరిగిన చోట బొటనవేలితో తడిమాడు. ఒక ముక్కను గోటితో గీకాడు. రెండింటినీ కలిపి చూశాడు, అతికినట్టు కలిశాయి. ఎక్కడా వంపు లేదు. కడ్డీ పొడుగునా వేలు పోనిచ్చి రాయి దెబ్బ కోసం వెతికాడు. లేదు. బయట రోడ్డు మీద ఎవరిదో జట్కా పోయింది.

"నీలావతీ" అన్నాడు. "నా తెల్ల పంచె యాడుండాది? ఉతికిందేనా?"

"ఉతికిందే మామా. ఎందుకు?"

"పెనుకొండ బస్సుకు పోవాల."

మా ఇంటాయన వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నాయనా, తప్పు నాది. నువ్వు పోసేది చూసి గూడా నేను..."

"నువ్వు చెయ్యెత్తింది నేను చూసినా" అన్నాడు మామ. "అంత మసక కాదులే నా కండ్లు. ఎందుకెత్తినావో తెలియకుండానే పోసేస్తి. లెయ్, పంచె కట్టుకో."

నేనూ పోయాను. పిల్లను చంకనేసుకుని, వద్దన్నా ఎక్కాను బస్సు. ఆ ఇంట్లో ఏం జరిగినా మా వాళ్లిద్దరి పక్కనా నేనుండాలనిపించింది.

నరసింహులు వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కారు అయిపోయిందనుకున్నాడు పాపం, లేచి ఎదురొచ్చాడు. ఆయన భార్య రామసుబ్బమ్మ లోపలి నుంచి ఒక చెంబుతో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టింది. తలుపు సందులోంచి గోడ గూట్లో చీరల మూట కనబడింది. ముడి విప్పలేదు.

మామ చెంబు ముట్టుకోలేదు. కండువాలోంచి కడ్డీ ముక్కలు తీసి అరుగు మీద పెట్టాడు. అంతా ఆయనే చెప్పాడు. ఉలవ తీగ, గట్టు రాయి, కార్తీకంలో పోసిన నీళ్లు. కొడుకును ఒక్క మాట చెప్పనివ్వలేదు.

"ఓబన్న రాయిని ముట్టలేదప్పా. కడ్డీ ముందే ఇరిగింది. ఇరిగేటట్ల చేసింది నా చెయ్యి. ఇనుమంతా ఒకటే అనుకొంటిని."

నరసింహులు ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. మమ్మల్ని కొడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను.

"మావానికి తెలిసింటాదా?" అన్నాడు. "తిప్పుతాండా, తిరగలేదు అని... వానికి తెలిసింటాదా హనుమంతూ?"

మా ఇంటాయన తల వంచుకున్నాడు. "ఒక్క క్షణం తెలిసింటాదన్నా."

రామసుబ్బమ్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. "ఆ ఓబన్న మన బిడ్డకు నీళ్లు తాపిచ్చినాడంట" అంది. "ఆ మాట నాకు అప్పుడే చెప్పినారు. నేనే నమ్మలేదు."

అంతవరకే అనగలిగింది, పైట నోట్లో కుక్కుకుంది. నరసింహులు ముక్కలు తిరిగి మామ చేతికిచ్చాడు.

"స్టేషన్లో మీరే చెప్పండి. నేనూ వస్తా. ఆ మనిషిని ఇడిపిస్తా." చెంబు మా వైపు జరిపాడు. "మీ నీళ్లు తాగి పోండి. ఇంటికొచ్చినోళ్లను నోరెండబెట్టి పంపే అలవాటు మా ఇంట్లో లేదు. ఇంక మళ్లా ఈ గడపకు రావద్దండి."

మేం ముగ్గురం ఆ చెంబులో నీళ్లు తాగాం. నా జన్మలో అంత చేదు నీళ్లు తాగలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి కారు అడుగు చూశాడు. ఓబన్న విడుదలయ్యాడు. కడ్డీ బిగించింది తానేనని ఒప్పుకున్న మా ఇంటాయన మీద కేసు పెట్టి, తొలకరి మొదలయ్యేసరికి అదే పెనుకొండ సబ్‌జైలుకు పంపారు. నరసింహులు కారును ఎట్లా ఉన్నది అట్లాగే బండి మీద పెట్టించుకుని తీసుకుపోయాడు. లారీలు, బస్సుల వాళ్లు మా వైపు రావడం మానేశారు. మామ మంచం దిగడం లేదు. కొలిమిలో కోళ్లు పడుకునేవి.

వాన పడి వెలిసిన ఒక పొద్దు, షెడ్డు ముందు బండి ఆగింది. తిప్పమ్మ దిగింది. వెనకనే సన్నటి పొడుగాటి మనిషి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా దిగాడు. ఓబన్నను నేను చూడడం అదే మొదలు.

"ఏమమ్మా, పెద్దాయన ఉండాడా? మా తమ్ముని బండి చక్రం పట్టా వదులైపోయింది. దుక్కుల కాలంలోనే ఇట్లయింది" అన్నాడు, బండి మీదున్న తమ్ముణ్ణి చూపిస్తూ.

"పని చేసేవాళ్లు లేరప్పా" అన్నాను. ఆ మనిషి మొహం చూడలేకపోయాను. "వేరే యాడికన్నా పో."

"మా తమ్ముడుండాడు, నేనుండా. పెద్దాయన కూర్చోని చెప్తే చాలు."

మామ మంచం మీదే లేచి కూర్చున్నాడు. ఓబన్న తమ్ముడు కొలిమి రాజేశాడు, నేను తిత్తి ఊదాను. పట్టా ఎర్రబడింది. ఎప్పుడు తీయాలో మామే చెప్పాడు. తమ్ముడూ తిప్పమ్మా పటకార్లతో ఎత్తి చక్రం మీద దించారు, ఓబన్న ఇంకో పటకారుతో అంచు సర్దాడు. చెక్క పొగలేసింది, అంచున మంట అందుకుంది. అలవాటు కొద్దీ నేను చెంబు ముంచి మామ చేతిలో పెట్టాను. ఆయన లేచి వచ్చాడు గానీ చెంబు ఎత్తలేదు.

"పొయ్యప్పా! చెక్క కాలిపోతాండాది!" తిప్పమ్మ అరిచింది.

"నా చేత్తో వద్దమ్మా. ఎవరన్నా తీసుకోండి."

ఓబన్న పటకారు వదిలేసి వచ్చాడు. చెంబు తీసుకోలేదు. చెంబు పట్టుకున్న మామ చేతిని కింది నుంచి పట్టుకుని పైకి లేపాడు.

"ఇది బండి పట్టా పెద్దాయనా. దీనికి నీళ్లు కావాల. పొయ్యి."

చుయ్యిమంది. మామ పట్టా చుట్టూ నడుస్తూ పోశాడు, ఓబన్న చెయ్యి వదలకుండా పక్కనే నడిచాడు. నేను మళ్లీ మళ్లీ ముంచి ఇచ్చాను. మంట ఆరింది. చెక్క కీచుమని, పట్టా చక్రాన్ని బిగించి పట్టుకుంది. మామ వంగి వేళ్లతో తడిమి చూసి, "నిలిచింది" అన్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

చెంబు అడుగున కొన్ని నీళ్లు మిగిలాయి. ఓబన్న ఆ చెంబు అందుకుని, తల పైకెత్తి, గటగటా తాగేశాడు.